జనాభా పటం, పిరమిడ్, వృద్ధి రేటు: 2011 లెక్కలతో ఎలా వేయాలి

2011 జనగణన పట్టికలు ఉచితంగా దొరుకుతాయి. కావలసింది ఒక స్ప్రెడ్‌షీట్, క్యూజీఐఎస్ లాంటి పటాల సాఫ్ట్‌వేర్, కొంచెం ఓపిక.

ముందు పటం. జిల్లాలకు రంగు వేసేటప్పుడు జనాభా అంకెను ఎప్పుడూ నేరుగా వాడొద్దు, సాంద్రతే (చ.కి.మీ.కి ఎంతమంది ఉన్నారన్నది) వాడాలి. 2011లో ఆదిలాబాద్ జిల్లా జనాభా 27.41 లక్షలు, హైదరాబాద్ జిల్లాది 39.43 లక్షలు. అంకె ప్రకారం రంగు వేస్తే రెండూ ఇంచుమించు ఒకేలా కనిపిస్తాయి. కానీ హైదరాబాద్ విస్తీర్ణం 217 చ.కి.మీ. మాత్రమే. అక్కడ చ.కి.మీ.కి 18,172 మంది ఉంటే ఆదిలాబాద్‌లో 170 మంది. అంటే తేడా వంద రెట్లకు పైనే.

రంగుల తరగతులు ఎలా విడగొట్టామన్నదీ అంతే ముఖ్యం. 170 నుంచి 18,172 దాకా ఐదు సమాన భాగాలు చేస్తే ఒక్కో భాగం 3,600 అవుతుంది. హైదరాబాద్ ఒక్కటీ ముదురు రంగులోకి పోయి, ఉమ్మడి రాష్ట్రంలోని మిగతా 22 జిల్లాలూ ఒకే లేత రంగులో మిగులుతాయి. అలాంటి పటం వేసీ వేయనట్టే. హైదరాబాద్‌ను విడిగా ఉంచి, మిగతా వాటికి 200 లోపు, 200–300, 300–400, 400 పైన అని పెట్టండి.

చుక్కల పటంలో చిక్కు వేరు. చుక్కకు 20,000 మంది అనుకుంటే హైదరాబాద్‌కు 197 చుక్కలు రావాలి. సెంటీమీటరుకు 25 కి.మీ. స్కేలులో ఆ జిల్లాకు దక్కే చోటు సుమారు 35 చ.మి.మీ. అర మిల్లీమీటరు చుక్కలు 197 పెడితే వాటికే 38 చ.మి.మీ. దాటుతుంది, పట్టవు. నగరానికి జనాభాకు తగ్గ పెద్ద వృత్తం, పల్లెలకు చుక్కలు వాడండి. చుక్కల్ని జిల్లా అంతటా సమంగా చల్లకండి. ఆదిలాబాద్‌లో అడవిని పక్కనపెట్టి, ఊళ్లున్న చోటే పెట్టాలి.

సరిహద్దుల దగ్గర చాలామంది బోల్తా పడతారు. 2016 అక్టోబర్ 11న ఆదిలాబాద్ నాలుగు జిల్లాలయింది. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. పాత జిల్లా సాంద్రతను కొత్త జిల్లాలన్నిటికీ అంటగడితే పటం అబద్ధం చెబుతుంది. మండలాలూ చీలాయి కాబట్టి గ్రామాల కోడ్ పట్టుకుని, గ్రామస్థాయి జనాభాను కొత్త హద్దుల్లోకి కూడుకుంటూ రావాలి. విసుగు పుట్టించే పనే, కానీ దగ్గర దారి లేదు. పటం కింద లెక్కల సంవత్సరం, హద్దుల సంవత్సరం రెండూ రాయండి.

ఇక పిరమిడ్, అంటే ఒక పక్క మగవారు, మరో పక్క ఆడవారు ఉండేలా వయసు గుంపులను కింది నుంచి పైకి పేర్చిన పట్టీల బొమ్మ. ఐదేళ్ల వయసు గుంపులు జనగణన సి-14 పట్టికలో ఉంటాయి. వయసు చెప్పనివారి వరుస తీసేయండి. ప్రతి గుంపులో మగవారినీ ఆడవారినీ విడివిడిగా, మొత్తం జనాభాలో శాతంగా లెక్కగట్టండి. మగవారి అంకెను మగవారి మొత్తంతోనే భాగిస్తే స్త్రీ పురుషుల తేడా మాయమవుతుంది. మగవారి అంకెలకు మైనస్ పెట్టి అడ్డ పట్టీల చార్ట్ వేయండి. ఓవర్‌ల్యాప్ 100, పట్టీల మధ్య ఖాళీ 5 శాతం ఉంచండి. అక్షం మీద మైనస్ గుర్తు కనబడకుండా నంబర్ ఫార్మాట్‌లో 0.0;0.0 ఇవ్వండి.

గీశాక ప్రతి ఎగుడుదిగుడుకూ చరిత్ర వెతకొద్దు. వయసు అడిగితే చాలామంది సున్నాతోనో ఐదుతోనో ముగిసే అంకె చెబుతారు. యాభై తొమ్మిదేళ్లాయన అరవై అంటే 55–59 పట్టీ సన్నబడి 60–64 లావెక్కుతుంది. సి-13 పట్టికలోని ఏడాదివారీ వయసులతో, ఈ అలవాటు ఎంత ఉందో కొలిచే విప్పిల్ సూచిక కట్టి చూడండి: 25, 30 మొదలు 60 దాకా ఉన్న ఐదేసి వయసులవారిని కూడి, 23–62 మధ్య మొత్తంతో భాగించి, 500తో గుణించాలి. 100 వస్తే వయసులు సరిగ్గా చెప్పినట్టు. ఎంత పెరిగితే పిరమిడ్‌ను అంత అనుమానించాలి.

అడుగు పట్టీలు పైవాటికన్నా పొట్టిగా ఉంటే కాన్పులు తగ్గాయని అర్థం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ సంతాన రేటు (ఒక్కో స్త్రీ సగటున కనే పిల్లల సంఖ్య) 1.7, తెలంగాణది 1.8. తరం నిలబడాలంటే దాదాపు 2.1 కావాలి. అయినా జనాభా వెంటనే తగ్గదు, ఎందుకంటే పిల్లల్ని కనే వయసులో ఉన్నవాళ్లు ఇంకా ఎక్కువమందే. 20–39 మధ్య మగవారి వైపు మాత్రమే గాటు పడితే వలస సంగతి చూడాలి.

వృద్ధి రేటుకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభా చూద్దాం: 2001లో 7.621 కోట్లు, 2011లో 8.458 కోట్లు. దశాబ్ద వృద్ధి 10.98 శాతం. దాన్ని పదితో భాగించి ఏటా 1.1 అనకండి, ఎందుకంటే ప్రతి ఏడూ పెరిగిన జనాభా మీదే మళ్లీ పెరుగుదల ఉంటుంది. 8.458ను 7.621తో భాగించి, వచ్చినదాని సహజ లాగరిథమ్‌ను (స్ప్రెడ్‌షీట్‌లో LN) పదితో భాగిస్తే ఏటా 1.04 శాతం. 70ని దీనితో భాగిస్తే జనాభా రెట్టింపయ్యే కాలం 67 ఏళ్లు. సంతాన రేటు 1.7–1.8కు దిగాక ఆ రెట్టింపు జరగదు కాబట్టి ఈ అంకెను 2001–11 వేగానికి కొలతగానే వాడండి, భవిష్యత్తు అంచనాగా కాదు.