ఇటుక బట్టీ దగ్గరికి మన దవాఖాన పోవాలంటే

నల్గొండ చుట్టుపక్కల సబ్‌సెంటర్లలో పనిచేసే ఏఎన్ఎంలకు, ఆశాలకు ఇది. దీపావళి దాటిందంటే ఒడిశాలోని బలాంగీర్, నువాపడా వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలు బట్టీలకు దిగుతాయి, వానలు పడేలోపు వెళ్లిపోతాయి. వాళ్లు దవాఖానకు రారని అనకండి, మనం పెట్టిన టైముకు రాలేరు.

ముందు టైమ్ మార్చండి. బట్టీలో కూలి రోజుకు కాదు, వెయ్యి ఇటుకలకు లెక్క. తెల్లారకముందే లేచి అచ్చు పోస్తారు, ఎండ ముదిరాక కాసేపు నడుం వాలుస్తారు. పదకొండింటికి పీహెచ్‌సీకి రమ్మంటే ఆ తల్లి కూలైనా పోగొట్టుకోవాలి, నిద్రైనా. అందుకని యజమానికి ముందురోజే చెప్పి, వాళ్లకు వీలైన వేళ కనుక్కుని మనమే పోవాలి. పరీక్ష చేసేటప్పుడు మాత్రం కూలీలను తెచ్చే సర్దార్‌ను దూరంగా ఉంచండి, అతని దగ్గర అడ్వాన్స్ తీసుకున్న మనిషి అతని ముందు ఒంట్లో బాలేదని నోరు విప్పదు.

భాష సంగతి. ఒకామె బిడ్డను ఎత్తుకుని "జర, జర" అంటుంటే జర ఆగమంటోందనుకుని నేను ఇంకో పిల్లకు టీకా వేస్తూ కూర్చున్నా. తీరా చెయ్యి పెట్టి చూస్తే బిడ్డ ఒళ్లు కాలిపోతోంది. ఒడియాలో జర అంటే జ్వరం. ఆ రోజే నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకున్నా: జర జ్వరం, ఝాడా విరేచనాలు, కాస దగ్గు. మీరూ రాసుకోండి. పడమటి ఒడిశా నుంచి వచ్చినవాళ్లకు జ్వరమంటే మలేరియా కిట్ తీయాల్సిందే. పిల్లలకు కీళ్ల నొప్పులు మళ్లీ మళ్లీ వస్తుంటే సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్త జబ్బు పరీక్షకు పంపండి, అటువైపు అది ఎక్కువ.

ఇక కాగితాలు. పాలమూరు నుంచి బొంబాయికి వలసపోయిన ఇళ్లవాళ్లకు తెలుసు, ఊరు మారితే పాత చీటీ ఎంత విలువైందో. పిల్లలకు వేసే పెంటా టీకా ఒక డోసు పడి ఆగిపోతే మళ్లీ మొదటినుంచి వేయక్కర్లేదు, ఆగినచోటు నుంచే వేయండి. టీబీ మందులు మామూలుగా 6 నెలలు, బట్టీ సీజన్ దాదాపు అంతే, కాబట్టి మధ్యలో మొదలైన కోర్సు ఇక్కడ పూర్తికాదు. టీబీ రోగులను నమోదు చేసే ప్రభుత్వ పోర్టల్ నిక్షయ్, అందులో వాళ్లకు వచ్చిన నంబర్ కార్డు మీద పెద్దగా రాసివ్వండి, దాంతో వాళ్ల ఊళ్లోనూ మందులు కొనసాగించవచ్చు.

ఏప్రిల్ చివర్లో ఎవరెప్పుడు బయల్దేరుతున్నారో అడిగి, గర్భిణుల కార్డుల్లో కాన్పు తేదీ, బీపీ, రక్తం శాతం నింపి, పాలిథిన్ కవర్లో పెట్టి వాళ్ల చేతికే ఇవ్వండి, సర్దార్ చేతికి కాదు.