బైబిల్ స్త్రీల మీద జర్నలింగ్: ముఖం గీయక్కర్లేదు, చేతిలో ఏముందో చూడండి

బైబిల్ జర్నలింగ్ అంటే చదివిన వచనం పక్కన మార్జిన్‌లో చిన్న బొమ్మలు, మాటలు వేసుకోవడం. ఆ మాట అనగానే చాలామంది అనేది "నాకు బొమ్మలు వేయడం రాదు కదా" అని. రాకపోయినా పర్వాలేదు, నిజంగానే చెబుతున్నాను. వాక్యం దగ్గర ఇంకాస్త సేపు కూర్చోవడానికి ఇదొక దారి, రంగులూ పెన్నులూ అందుకు సాయం మాత్రమే. స్త్రీల కథలతో మొదలుపెట్టమని ఎందుకంటానంటే, వాటిలో చాలావరకు రెండు మూడు వచనాల్లో అయిపోతాయి, చదువుతూ చదువుతూ దాటేస్తాం. పెన్సిల్ పట్టుకుని కూర్చుంటే అంత తేలిగ్గా దాటలేం.

ముందు ఒక్కరిని ఎంచుకోండి. రూతు, ఎస్తేరు, మరియ అయితే అందరికీ తెలిసినవాళ్లే, వాళ్లతో మొదలుపెట్టినా మంచిదే. కానీ నిర్గమకాండం 1లో ఫరో ఆజ్ఞను పక్కనపెట్టి మగపిల్లల్ని బతకనిచ్చిన మంత్రసానులు షిఫ్రా, పూయా ఉన్నారు. సంఖ్యాకాండం 27లో మోషే ముందు నిలబడి, కొడుకులు లేనంత మాత్రాన మా నాన్న పేరు ఎందుకు పోవాలి, మాకూ భాగం ఇవ్వండి అని అడిగిన సెలోపెహాదు ఐదుగురు కూతుళ్లు ఉన్నారు, దేవుడు వాళ్లు అడిగింది న్యాయమే అన్నాడు కూడా. ఇలాంటివాళ్ల పేజీల్లో రంగు పడటం నాకు భలే ఇష్టం.

తర్వాత ఆ భాగాన్ని మూడుసార్లు చదవండి. మొదటిసారి పైకి, గొంతు వినిపించేలా. రెండోసారి పెన్సిల్‌తో ఆమె చేసిన పనుల కింద మాత్రమే సన్నగా గీత పెట్టండి, ఆమె గురించి ఇతరులు అన్నవి వదిలేయండి. మూడోసారి ఒక వస్తువు కోసం వెతకండి, ఎందుకంటే మీ బొమ్మ అదే. రాహాబు కిటికీకి కట్టిన ఎర్రదారం, రూతు పొలంలో ఏరుకున్న పరిగె, సమరయ స్త్రీ బావి దగ్గర వదిలేసి ఊళ్లోకి వెళ్లిన కుండ, బీద విధవరాలి రెండు కాసులు, దొర్కా కుట్టిన అంగీలు, మిర్యాము తంబుర. అందమైన ముఖం, పొడవాటి జుట్టు, చుట్టూ పూలు వేస్తే ఏ స్త్రీ పేజీ అయినా ఒకేలా కనిపిస్తుంది. కుండ గీస్తే అది ఆమె ఒక్కతే.

ఒకటి కలిసి చేద్దాం. హన్నా అంటే అందరం మొదటి సమూయేలు 1లోని ప్రార్థన దగ్గరే ఆగుతాం. 2:19కి వెళ్లండి. బిడ్డను దేవుని సన్నిధిలో వదిలి వచ్చిన తల్లి, ఏటేటా బలి అర్పించడానికి వెళ్లేటప్పుడు వాడికో చిన్న అంగీ కుట్టి తీసుకెళ్లేది. ఒక్క వచనమే. ఏడాదికోసారి చూసే పిల్లాడికి కొలత ఎలా తీసుకుంటుంది? ఈపాటికి ఇంత పెరిగి ఉంటాడులే అని ఊహించుకుంటూనే కుట్టి ఉండాలి కదా!

ఇప్పుడు మార్జిన్‌లో పైనుంచి కిందికి నాలుగు అంగీలు గీయండి. ఒక నిలువు డబ్బా, రెండు చేతులు, మెడ దగ్గర చిన్న వంపు, అంతే. పైది బొటనవేలి గోరంత, కిందికి వచ్చేకొద్దీ కాస్త కాస్త పెద్దది. సన్నటి పెన్నుతో అంచుల వెంట చుక్కచుక్కలుగా గీస్తే కుట్టులా కనిపిస్తుంది. రంగు ఒకటే వాడండి, పైన లేతగా, కిందికి ముదురుగా. ఆఖరి అంగీ అంచులో, మీరు దూరం నుంచి ఎవరికోసం ప్రార్థిస్తున్నారో వాళ్ల పేరు చిన్న అక్షరాలతో రాయండి, పక్కనెవరికీ కనబడనంత చిన్నగా.

సామాను గురించి ఎక్కువ ఆలోచించకండి. బైబిల్ కాగితం పల్చన, అదొక్కటే గుర్తుంచుకోండి. ఆల్కహాల్ మార్కర్లు అవతలి పక్కకు దిగిపోతాయి, వద్దు. కలర్ పెన్సిళ్లు, పిగ్మెంట్ ఇంక్ పెన్నులు చాలు, అవి కూడా ముందు ఆఖరి పేజీలో ఓ మూల గీసి చూసుకోండి. పేజీ కింద మందపాటి అట్ట పెట్టుకుంటే కింది పేజీల మీద గాట్లు పడవు. వాటర్ కలర్ వాడాలనిపిస్తే వేరే కాగితం మీద వేసి, ఒక అంచుకే టేప్ వేసి పేజీలా తిప్పేలా అతికించండి, కింద వాక్యం కనబడుతూనే ఉంటుంది. బైబిల్‌లో గీయడానికే మనసొప్పదంటే నోట్‌బుక్ తీసుకోండి, అందులో ఏ లోటూ లేదు.

అక్షరాలు అందంగా రాయాలనుకుంటే వచనం మొత్తం రాయొద్దు, నాలుగైదు మాటలే. తెలుగుకి పైన గుడులు, కింద ఒత్తులు ఉంటాయి కాబట్టి లైన్ల మధ్య చోటు ఎక్కువ వదలాలి. మొదటిసారికి రూతు 1:16లోని "నీ జనమే నా జనము" బాగా కుదురుతుంది, ఒక్క ఒత్తు కూడా లేదు.

ఎస్తేరు గ్రంథంలో దేవుని పేరు ఎక్కడా రాదు. దానికి నాకు నచ్చిన పద్ధతి ఇది: విడి కాగితం మీద తెల్ల క్రేయాన్‌తో గట్టిగా ఒత్తి "దేవుడు" అని రాసి, దానిమీద పల్చగా ఊదారంగు నీళ్ల రంగు వేయండి. మైనం ఉన్నచోట రంగు పట్టదు కాబట్టి అక్షరాలు తెల్లగా బయటికొస్తాయి. ఆరాక 4వ అధ్యాయం దగ్గర అతికించండి.

ఇంకో మాట గట్టిగానే చెప్పాలి. వాక్యంలో లేనిది ఆమెకు అంటగట్టకండి. మగ్దలేనే మరియ వేశ్య అని బైబిల్ ఎక్కడా చెప్పలేదు. ఏడు దయ్యాలు వదిలిన స్త్రీ అని, తన ఆస్తితో యేసు పరిచర్యకు సాయం చేసినవాళ్లలో ఒకరని లూకా 8 చెబుతుంది, తిరిగి లేచిన ప్రభువును చూసి శిష్యులకు ఆ కబురు తెచ్చింది ఆమే అని యోహాను 20 చెబుతుంది. ఆమె పేజీలో ఖాళీ సమాధి, తోట ఉండాలి.

కష్టమైన కథలు కూడా వస్తాయి. రెండవ సమూయేలు 13లో సవతి అన్న చేతిలో బలాత్కారానికి గురైన తామారు తలమీద బూడిద పోసుకుని తన రంగుల వస్త్రం చింపుకుంటుంది. అక్కడ స్టిక్కర్లు, పూలు వద్దు. బూడిదరంగు పెన్సిల్ ఒక్కటి తీసుకుని, ఒక రంగు కాగితాన్ని చేత్తో చింపి ఆ ముక్క అతికించి, మిగతా చోటు ఖాళీగా వదిలేయండి. మీ సొంత గాయాన్ని తాకుతోందంటే ఆ పేజీ ఈరోజు చేయక్కర్లేదు, నమ్మకమైన మనిషి పక్కనున్నప్పుడు చేయొచ్చు.

ఏం చేయాలో తోచని రోజున రోమా 16 తెరవండి. ఫీబే, ప్రిస్కిల్ల, త్రుపైనా, త్రుఫోసా, పెర్సిసు, ఇంకా రూఫు తల్లి, వరసగా పేర్లే. ఒక్కొక్కరికి చిన్న కవరు గీసి మీద పేరు రాయండి, పౌలు ఆమె గురించి ఏమన్నాడో లోపల రెండు మాటలు. చివర ఒక కవరు ఎక్కువ గీసి, మీ సంఘంలో ఎవరూ పెద్దగా పట్టించుకోకపోయినా పని చేస్తూనే ఉండే ఆవిడ పేరు దానిమీద రాసి, ఫోటో తీసి ఆవిడకే పంపండి.