మనసు ఉక్కిరిబిక్కిరిగా ఉందా? ఎక్కడ పట్టేసిందో చూసి సరిచేసుకుందాం

మైండ్‌ఫుల్‌నెస్ అంటే ఈ క్షణంలో జరుగుతున్నదాని మీద, మంచీ చెడూ అని తీర్పు చెప్పకుండా, ధ్యాస పెట్టడం. 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో జాన్ కబట్-జిన్ దీర్ఘకాలిక నొప్పులతో బాధపడేవాళ్లకు దీన్ని కొన్ని వారాల శిక్షణగా నేర్పడం మొదలుపెట్టాడు. ఇప్పుడు విజయవాడలోనూ గుంటూరులోనూ ఫోన్లో వీడియో పెట్టుకుని ప్రయత్నించేవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లలో చాలామంది నాలుగు రోజులకే "ఇది మనకు కుదిరేది కాదులెండి" అని వదిలేస్తారు. నా ఉద్దేశంలో లోపం వాళ్లలో లేదు. వాళ్ల ఇబ్బంది ఒకటైతే, చేసే సాధన ఇంకొకటి. అందుకే ముందు మీ ఇబ్బంది ఏమిటో కింద వెతుక్కోండి.

"శ్వాసను గమనిస్తుంటే దడ తగ్గకపోగా ఇంకా పెరుగుతోంది"

ఎక్కువమందిని ఆపేసేది ఇదే. "గట్టిగా ఊపిరి పీల్చుకో, అదే తగ్గిపోతుంది" అని మనం ఒకరికొకరం చెప్పుకునే సలహాలోనే చిక్కుంది. కంగారులో ఉన్న మనిషి వరసగా పెద్ద పెద్ద ఊపిరి తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది. దాంతో వేళ్లు తిమ్మిరెక్కుతాయి, తల తేలిపోతున్నట్టు ఉంటుంది. "నాకేదో అవుతోంది" అన్న భయం మొదలై దడ రెట్టింపవుతుంది.

అమరావతి, భట్టిప్రోలు బౌద్ధ స్తూపాలు ఉన్న ఈ కృష్ణాతీరానికి ఈ సాధన కొత్తదేమీ కాదు. పాలి భాషలోని బుద్ధుడి బోధల్లో, అంటే సుత్తాల్లో, శ్వాస గురించి మొదట చెప్పిందల్లా ఇంతే: పొడవుగా పీలుస్తుంటే పొడవుగా పీలుస్తున్నానని తెలుసుకో, పొట్టిగా పీలుస్తుంటే పొట్టిగా అని తెలుసుకో. బలవంతంగా లాగమని లేదు. కాబట్టి పీల్చడం మామూలుగానే కానివ్వండి, వదలడం మాత్రం నెమ్మదిగా వదలండి. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం సహజంగానే కాస్త తగ్గుతుంది. ఓ ఐదారు సార్లు చేసి చూడండి.

అప్పటికీ ఇబ్బందిగా ఉంటే శ్వాసను పూర్తిగా పక్కన పెట్టేయండి, తప్పేం లేదు. గుంటూరు మిర్చి యార్డు సంగతే చూడండి. సీజన్లో టిక్కీలు (మిర్చి బస్తాలు) గుట్టలుగా పడి ఉన్నప్పుడు, కమీషన్ కొట్లో గుమాస్తా కళ్లు మూసుకుని ఊపిరి మీద ధ్యాస పెడితే ఆ ఘాటుకు వచ్చేది దగ్గే. అతనికి పాదాలు మేలు. చెప్పుల్లోంచి నేల గట్టిదనం తెలుస్తుంది, మడమ మీద ఎంత బరువుందో, వేళ్ల మీద ఎంత ఉందో తెలుస్తుంది. బేరం మధ్యలో గొంతు పెరుగుతున్నప్పుడు కూడా ఎవరికీ తెలియకుండా ఇది చేసుకోవచ్చు. ఆస్తమా ఉన్నవాళ్లకు, ఏదైనా ప్రమాదమో దెబ్బో మనసులో మిగిలిపోయినవాళ్లకు కూడా శ్వాస కన్నా పాదాలో, బయట వినిపించే చప్పుళ్లో నయం.

ఒక్క జాగ్రత్త. ఛాతీలో నొప్పి, చెమటలు, ఎడమ చేతిలోకో దవడలోకో లాగడం ఉంటే అది టెన్షనేనని మీకు మీరే తేల్చుకోవద్దు. వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

"కూర్చుంటే చాలు, ఎక్కడెక్కడి ఆలోచనలో వచ్చేస్తున్నాయి"

రానివ్వండి. ఆలోచనలు ఆగిపోవాలని ఆశించడమే ఇక్కడ అసలు కారణం. అవి కొత్తగా పుట్టుకొచ్చినవి కావు, పనుల హడావుడిలో ఇన్నాళ్లూ వినపడలేదు, అంతే. వచ్చిన ఆలోచనకు మనసులోనే చిన్న పేరు పెట్టండి: "లెక్కలు", "కోపం", "రేపటి భయం". పేరు పెట్టాక మళ్లీ పాదాల దగ్గరికో శ్వాస దగ్గరికో రండి. ఇరవైసార్లు దారి తప్పి ఇరవైసార్లు వెనక్కి వస్తే ఆ రోజు సాధన బాగా జరిగినట్టే. ఆ వెనక్కి రావడమే సాధన.

"పనులన్నీ ఒక్కసారే మీద పడ్డట్టుంది, ఏది ముందో తోచదు"

ఉదయం ఏడున్నర. కుక్కర్ ఒక పొయ్యి మీద, పెనం ఇంకో పొయ్యి మీద. "అమ్మా, నా సాక్సులేవీ?" అని ఒకరు, "ఏమోయ్, బండి తాళాలు చూశావా?" అని ఇంకొకరు. ఫోన్లో ఆఫీసు మెసేజ్. అట్టు తిరగేస్తూ మెసేజ్ చదువుతూ సాక్సులు ఎక్కడున్నాయో ఆలోచిస్తుంటే అట్టు మాడుతుంది, మెసేజ్ బుర్రకెక్కదు. మనసు ఒక పని నుంచి ఇంకో పనికి గెంతిన ప్రతిసారీ మొదటిదాన్ని మళ్లీ అందుకోవాలి. అలసట సగం ఆ గెంతుల్లోనే వస్తుంది. చేయాల్సినవన్నీ తలలోనే పెట్టుకుని మోయడం ఇంకో కారణం.

కుక్కర్ విజిల్‌ను వాడుకోండి. అది ఎలాగూ మోగుతుంది, విడిగా గుర్తుపెట్టుకోనక్కర్లేదు. విజిల్ వినగానే చేస్తున్న పని ఆపి, దవడ బిగిసిందేమో, భుజాలు చెవుల దాకా లేచాయేమో చూడండి. వదులు చేసి ఒక ఊపిరి నెమ్మదిగా వదలండి. తర్వాత చేతిలో ఉన్న అట్టు ఒక్కటే: అంచు ఎర్రబడటం, గరిటె కింద పెట్టినప్పుడు పెనం నుంచి ఊడి వచ్చే చప్పుడు. అది పళ్లెంలో పడ్డాక ఫోను. మిగిలినవన్నీ ఫ్రిజ్ మీద ఒక కాగితం పెట్టి రాసేయండి.

ఇంకో మాట. ఇంట్లో నలుగురి పనీ ఒక్కరే చేస్తుంటే, ఆ అలసటను ధ్యాసతో సర్దుకోమనడం అన్యాయం. సాక్సులు వెతుక్కోవడం పదేళ్ల పిల్లాడికి కూడా చేతనవుతుంది. స్థిమితపడ్డాక ఆ మాట ఇంట్లోవాళ్లతో కోపం లేకుండా, సూటిగా చెప్పండి.

"విజయవాడ బెంజి సర్కిల్ దాటేసరికి ఎవరినో ఒకరిని తిట్టేస్తున్నా"

ఎండ, వెనక నుంచి హారన్, ముందు కదలని ఆటో. శరీరం దాన్ని దాడిగా తీసుకుని అడ్రినలిన్ వదులుతుంది. కొట్లాడటానికి ఎవరూ లేక అది మాటల్లో బయటికొస్తుంది. రెడ్ సిగ్నల్ దగ్గర, కళ్లు తెరిచే, హ్యాండిల్ మీద మీ పట్టు చూడండి. బండి పడిపోకుండా ఉండటానికి కావలసినదానికంటే గట్టిగా పట్టుకుని ఉంటారు. వేళ్లు వదులు చేయండి. బండి కదిలాక మాత్రం ధ్యాసంతా రోడ్డు మీదే ఉండాలి.

"రాత్రి పడుకుంటే అప్పుడే అన్నీ గుర్తొస్తాయి"

రోజంతా ఒక్క నిమిషం ఖాళీ ఇవ్వకపోతే మనసు తన లెక్కలన్నీ మంచం మీదే తీస్తుంది. పడుకోవడానికి గంట ముందే రేపటి పనులు కాగితం మీద పెట్టండి, ఫోను వేరే గదిలో పెట్టండి. పక్క మీద కాలివేళ్ల నుంచి నుదుటి దాకా ఒక్కో భాగాన్నీ గమనిస్తూ రండి. నిద్ర పట్టాలని పట్టుబట్టకండి, ఆ పట్టుదలే మెలకువగా ఉంచుతుంది. మధ్యాహ్నం రెండు నిమిషాలు ఆగే అలవాటు చేసుకుంటే రాత్రి గోల కొంత తగ్గుతుంది.

"మా అబ్బాయి హాస్టల్లో ఉన్నాడు, పుస్తకం తెరిస్తే ఏమీ ఎక్కడం లేదంటున్నాడు"

ఈ రెండు ఊళ్లలో ఇంటర్ చదివే పిల్లలున్న ప్రతి ఇంటికీ ఈ మాట తెలుసు. నిద్ర తక్కువ, వారం వారం ర్యాంకులు, ఆదివారం ఇంటికి ఫోన్ చేస్తే మొదటి ప్రశ్న మార్కుల గురించే. పిల్లాడికి చిన్న సాధన చాలు: పుస్తకం తెరిచే ముందు నిమిషం పాటు ఫ్యాన్ చప్పుడు వినడం, ధ్యాస పోతే తిరిగి రావడం. అసలు మార్పు మాత్రం అమ్మానాన్నల నుంచి రావాలి. ఈ ఆదివారం మార్కుల ఊసెత్తకుండా, "ఏం తిన్నావు నాన్నా, నిద్ర పడుతోందా?" అని అడిగి, చెప్పేది మధ్యలో అడ్డుపడకుండా వినండి. అలా వినడం కూడా మైండ్‌ఫుల్‌నెస్సే.

"ఇవన్నీ చేస్తున్నా తగ్గడం లేదు"

రెండు కారణాలు ఉండొచ్చు. ఒకటి, బాధ పుట్టేచోటు బయట ఉంది: అప్పు, ఉద్యోగంలో వేధింపు, ఇంట్లో హింస. అక్కడ మారాల్సింది పరిస్థితి. దాన్ని ఓర్చుకోవడానికి ధ్యానం వాడకండి. రెండోది, జబ్బు. రెండు వారాలకు పైగా దిగులు, నిద్రలేమి, దేనిమీదా ఆసక్తి లేకపోవడం ఉంటే డాక్టరుకు చూపించుకోండి. థైరాయిడ్ లాంటివి కూడా ఇలాగే బయటపడతాయి, రక్తపరీక్షలో తెలిసిపోతుంది. గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. చచ్చిపోవాలనిపిస్తుంటే ఒక్క పూట కూడా ఆగకండి. కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు రాత్రీ పగలూ ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.