రైలు ప్రయాణంలో రష్యన్ – 6వ పాఠం: మాట రాజకీయాల్లోకి మళ్లితే

గత పాఠంలో టికెట్టు, బెర్తు, టీ గ్లాసు మాటలు నేర్చుకున్నాం. ప్లత్స్‌కార్త్ (రష్యా రైళ్లలో స్లీపర్ తరగతి) పెట్టెలో 54 బెర్తులుంటాయి, క్యాబిన్లకు తలుపులుండవు. రెండో గ్లాసు టీ అయ్యేసరికి ఎదుటి బెర్తు పెద్దాయన మీది ఏ దేశమని అడుగుతాడు, అక్కణ్ణించి మాట ధరల మీదికి, పింఛన్ల మీదికి పోతుంది. దానికి పెద్ద పదజాలం అక్కర్లేదు. అడగడం, మెత్తగా ఒప్పుకోకపోవడం, మర్యాదగా తప్పుకోవడం వస్తే చాలు. వీటిలో మూడోదే ముఖ్యం.

ఎప్పటిలాగే, దీర్ఘం ఉన్న అక్షరాన్నే ఒత్తి పలకండి. ఒత్తు పడని 'ఒ' నోట్లో 'అ' అవుతుంది: రాసేది 'పొలితిక', పలికేది 'పలీతిక' (రాజకీయాలు). 'వి' (మీరు), 'వీబరి' (ఎన్నికలు) అనే మాటల్లోని అచ్చు మన వర్ణమాలలో లేదు. 'ఉ' అన్నప్పుడు నాలుక ఎక్కడుంటుందో అక్కడే ఉంచి, పెదాలను మాత్రం 'ఇ'కి సాగదీయండి. అద్దం ముందు రోజూ ఐదు నిమిషాలు చేస్తే వారంలో దారికొస్తుంది.

అడగడానికి ఈ రెండూ నేర్చుకోండి:

ష్తో వి దూమయిత్యె అ వీబరఖ్? – ఎన్నికల గురించి మీరేమనుకుంటున్నారు?
అ కక్ ఉ వాస్ క్ ఏతము అత్నోస్యత్స? – మరి మీ వైపు దీన్ని ఎలా చూస్తారు?

రెండోదే మంచిది. అది ఆయన సొంత అభిప్రాయం అడగదు, జనం ఏమంటున్నారని అడుగుతుంది. ఇష్టమైతే తనది చెబుతాడు, లేదంటే ఊరి మీద పెట్టి మాట్లాడతాడు. 'జ కవో గలసవాలి?' (ఎవరికి ఓటేశారు?) అని మాత్రం అడగొద్దు. మన దగ్గర టీ కొట్టులో చెల్లే ప్రశ్నే గానీ కొత్తవాళ్ల దగ్గర అక్కడ చెల్లదు.

వ్యాకరణంలో తెలుగువాళ్లు తడబడేది 'గురించి' దగ్గర. మనం దాన్ని మాట తర్వాత పెడతాం, రష్యన్‌లో 'అ' ముందొస్తుంది, వెనకున్న మాట చివర మారుతుంది: పలీతిక – అ పలీతిక్యె, వీబరి – అ వీబరఖ్. ఆ మాట అచ్చుతో మొదలైతే 'అ' కాస్తా 'అబ్' అవుతుంది: అబ్ ఈందియి (ఇండియా గురించి). 'వి', 'తి' తేడా మన మీరు, నువ్వు తేడాయే. వాదన మధ్యలో పెద్దవాళ్లను 'తి' అన్నారంటే రాజకీయం పోయి తగాదా మిగులుతుంది.

ఇక మాటల్లో ఉచ్చులు. మనం 'ప్రభుత్వం' అంటే అన్నీ అందులోనే వస్తాయి. రష్యన్ 'ప్రవీతిల్స్‌త్వ' అంటే ప్రధాని, మంత్రుల బృందం మాత్రమే. అధ్యక్షుడు (ప్రిజిద్యేంత్) అందులో లేడు. జనం 'పైవాళ్లు', 'అధికారంలో ఉన్నవాళ్లు' అనే అర్థంలో వాడేది 'వ్లాస్త్'. పార్లమెంటు దిగువ సభ 'దూమ': 450 మంది సభ్యులు, గడువు 5 ఏళ్లు. అధ్యక్షుడి గడువు 6 ఏళ్లు. 'రూస్కియె' అంటే రష్యన్ జాతివాళ్లు. 'రస్సియానె' అంటే రష్యా పౌరులంతా, తాతార్లు, చెచెన్లు లాంటి వేరే జాతులవాళ్లతో సహా. కజాన్‌లో తాతార్ ఆవిడతో 'మీ రూస్కియె' అంటే మొహం ముడుచుకోవచ్చు.

ఉక్రెయిన్ పేరు దగ్గర చిన్న విభక్తి కూడా పక్షం చెబుతుంది. 'ఉక్రెయిన్‌లో' అనడానికి రష్యాలో అధికారికంగా 'న ఉక్రయీన్యె' అంటారు. 'వ్ ఉక్రయీన్యె' అనాలని 1993లో ఉక్రెయిన్ ప్రభుత్వం కోరింది. మీరు ఏది వాడినా ఎవరో ఒకరు గమనిస్తారు, కాబట్టి ఆ మాట మీరుగా ఎత్తకండి. 2022 మార్చి 4న రష్యాలో వచ్చిన చట్టం ప్రకారం సైన్యం గురించి 'తప్పుడు సమాచారం' బహిరంగంగా వ్యాప్తి చేస్తే శిక్ష 15 ఏళ్ల జైలు దాకా ఉంటుంది. విదేశీయులకు మినహాయింపు లేదు. పెట్టెలో అందరూ వింటుంటారు.

నెమ్మదైన అంశం కావాలంటే ధరలు: చేని రస్తూత్ (ధరలు పెరుగుతున్నాయి). ఈ 'చ' చెంచాలోది కాదు, 'చాప'లోది. అది మనకు పుట్టుకతోనే ఉంది కాబట్టి దీన్ని చాలామంది విదేశీయుల కన్నా మనం బాగా పలుకుతాం. పింఛను (ప్యేన్సియ) కూడా మంచి విషయమే: 2018లో పదవీ విరమణ వయసును దశలవారీగా మగవాళ్లకు 60 నుంచి 65కి, ఆడవాళ్లకు 55 నుంచి 60కి పెంచే సంస్కరణ వచ్చింది. దాని మీద మాట్లాడేవాళ్లకు కొదవలేదు, మీరు తలాడిస్తే చాలు.

ఒప్పుకోనప్పుడు: య ని సఫ్‌స్యేమ్ సగ్లాసిన్ (పూర్తిగా అయితే ఒప్పుకోను). ఇది మగవాళ్లు అనేది. ఆడవాళ్లు 'సగ్లాస్న' అనాలి. ముందు 'పమోయిము' (నా ఉద్దేశంలో) తగిలిస్తే ఇంకా మెత్తబడుతుంది.

తప్పుకోవడానికి ఇవి:

య వ్ ఏతమ్ ని రజ్‌బిరాయుస్ – నాకు దీని గురించి అంత తెలియదు.
య జ్దెస్ వ్ గస్త్యాఖ్ – నేనిక్కడికి అతిథిగా వచ్చాను. ఆడా మగా ఎవరైనా ఇలాగే అనొచ్చు.
దవాయ్త్యె స్మ్యేనిమ్ త్యేము – వేరే విషయం మాట్లాడుకుందాం.

మొదటిది అబద్ధమైనా ఎవరూ తప్పుపట్టరు. మూడోదాన్ని నవ్వుతూ అనాలి, గొంతు పెంచి అంటే ఆజ్ఞలా ఉంటుంది. ఆ వెంటనే మాట మన దేశం వైపు తిప్పండి: ఉ నాస్ వ్ ఈందియి వీబరి కాజ్దియె ప్యాత్ ల్యేత్ (మా ఇండియాలో ప్రతి ఐదేళ్లకూ ఎన్నికలు).

అభ్యాసం. కాగితం చూడకుండా పైకి చెప్పండి: 1) ఇండియా గురించి మీరేమనుకుంటున్నారు? 2) ధరలు పెరుగుతున్నాయి, మరి మీ వైపు దీన్ని ఎలా చూస్తారు? 3) ఒక అమ్మాయి అన్నట్టు: నా ఉద్దేశంలో... పూర్తిగా అయితే ఒప్పుకోను. జవాబులు 7వ పాఠం మొదట్లో ఉంటాయి.