ఎస్ప్రెసో సరిగ్గా రావట్లేదా? మెషీన్ మార్చేముందు ఇవి చూడండి

ఇంట్లో ఎస్ప్రెసో మెషీన్ కొన్న నెలకో రెండు నెలలకో మా చుట్టాల్లో ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. "మెషీన్ పాడైనట్టుంది, కాస్త చూస్తావా?" అని. వెళ్లి చూస్తే చాలాసార్లు మెషీన్ బాగానే ఉంటుంది. ఆ మెషీన్ అడిగే పనికీ, ఆ ఇంటివాళ్లకున్న తీరికకీ, చేతి అలవాటుకీ పొత్తు కుదరదు, అంతే. అందుకే ఇక్కడ, మీ దగ్గరున్న మెషీన్‌ని ఎలా దారికి తెచ్చుకోవాలో చెబుతూ, ఎలాంటివాళ్లకు ఏ రకం నప్పుతుందో కూడా చెబుతాను.

ముందు ఒక లెక్క గుర్తుంచుకోండి. డబుల్ బాస్కెట్‌లో, అంటే రెండు షాట్‌లకి సరిపడా పొడి పట్టే జల్లెడ గిన్నెలో, 18 గ్రాముల పొడి వేస్తే, 25 నుంచి 30 సెకన్లలో కప్పులోకి సుమారు 36 గ్రాముల కాఫీ దిగాలి. చిన్న బాస్కెట్ అయితే పొడి తగ్గించండి కానీ ఒకటికి రెండు అనే పాళ్లు అలాగే ఉంచండి. నీళ్ల వేడి 90 - 96 డిగ్రీలు, ఒత్తిడి 9 బార్లు ఉంటే చాలు. డబ్బా మీద 15 బార్లు, 20 బార్లు అని రాసేది పంపు గరిష్ఠ శక్తి. దాన్ని చూసి మెషీన్ ఎంచుకోవద్దు. గ్రాములో పదోవంతు చూపించే చిన్న తూకం మాత్రం తప్పకుండా కొనండి. అది లేకపోతే తప్పు ఎక్కడుందో తేల్చలేం.

కాఫీ పది సెకన్లలోపే వచ్చేస్తోంది, పల్చగా, పుల్లగా ఉంది

ఎక్కువమందిని ఏడిపించేది ఇదే. కారణం దాదాపు ఎప్పుడూ పొడే. విజయవాడలో మా పిన్ని కొడుకు మంచి మెషీనే కొన్నాడు, గింజలు మాత్రం మిక్సీలో పట్టేవాడు. ఆ పొడి చిటికెడు తీసుకుని వేళ్ల మధ్య రుద్ది చూశాను. బొంబాయి రవ్వంత పలుకులూ ఉన్నాయి, గంధంలాంటి మెత్తని పొడీ ఉంది. నీళ్లు పలుకుల సందుల్లోంచి జారిపోతాయి, మెత్తటి పొడి దగ్గర ఆగిపోతాయి. అందుకే ఒకే కప్పులో పులుపూ చేదూ రెండూ తగిలాయి. కప్పు 8 సెకన్లకే నిండిపోయింది.

మర్నాడు నా చేతి గ్రైండర్ తీసుకెళ్లాను. గింజలు, తూకం మార్చకుండా గ్రైండర్ మాత్రం ఒక్కో మెట్టు బిగిస్తూ వెళ్లాం. 14 సెకన్లు, 19, 24, నాలుగోసారి 28. ఆ నాలుగో కప్పు తేనెలా సన్నటి ధారగా దిగింది. వాడు మెషీన్ అమ్మేద్దామనుకున్న మాటే మళ్లీ ఎత్తలేదు. ఒకసారికి ఒక్కటే మార్చండి. పొడి సన్నదనం, బరువు, బాస్కెట్‌లో పొడిని నొక్కే బలం మూడూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు.

గ్రైండర్ కొనే ఉద్దేశం లేకపోతే రెండు గోడల బాస్కెట్ వాడండి. వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే తెలిసిపోతుంది. పైన బోలెడు రంధ్రాలుంటాయి, అడుగున ఒక్కటే సన్న రంధ్రం. ఆ రంధ్రమే ఒత్తిడి తెస్తుంది కాబట్టి పొడి కాస్త అటూ ఇటూగా ఉన్నా సర్దుకుంటుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు డెలోంగి డెడికా లాంటి చిన్న మెషీన్‌తో, ఈ బాస్కెట్‌తో మొదలుపెట్టడంలో నామోషీ ఏమీ లేదు. అడుగునా బోలెడు రంధ్రాలుండే ఒంటి గోడ బాస్కెట్‌కి మారాలనుకున్న రోజున మాత్రం డబ్బు ముందు గ్రైండర్ మీద పెట్టండి. మొత్తం బడ్జెట్‌లో కనీసం మూడోవంతు దానికే పక్కన పెట్టమంటాను.

ఒక్క చుక్కా రావట్లేదు

పోర్టాఫిల్టర్ (బాస్కెట్‌ని పట్టుకునే పిడి) తీసేసి ఖాళీగా నీళ్లు వదలండి. నీళ్లు బాగా వస్తే మెషీన్ మంచిదే, పొడి మరీ మెత్తగా అయింది లేదా ఎక్కువైంది. ఖాళీగా వదిలినా రాకపోతే పంపులో గాలి చిక్కుకుందేమో చూడాలి. ట్యాంకు నింపి, ఆవిరి గొట్టం తెరిచి కొన్ని సెకన్లు పంపు నడిపితే చాలాసార్లు సర్దుకుంటుంది. అప్పటికీ రాకపోతే లోపల సున్నం పేరుకుని ఉంటుంది. బోరు నీళ్లు వాడే ఇళ్లలో ఇది త్వరగా వస్తుంది. మెషీన్‌తో ఇచ్చిన పుస్తకంలో చెప్పిన మందుతోనే సున్నం వదిలించండి, ఆ తర్వాత సున్నం తక్కువుండే మెత్తని నీళ్లు పొయ్యండి.

ఒక జాగ్రత్త. చుక్క రాలేదని పోర్టాఫిల్టర్ వెంటనే తిప్పి లాగొద్దు. లోపల ఒత్తిడి నిలిచి ఉంటే వేడి ముద్ద మొహం మీదికి చిమ్ముతుంది. మెషీన్ ఆపి రెండు నిమిషాలు ఆగండి.

ఇంకో మాట. మన కొట్లో పట్టించుకునే ఫిల్టర్ కాఫీ పొడిలో చికోరీ కలుస్తుంది. అది నీళ్లు తగిలితే జిగురుగా అవుతుంది. ఇత్తడి ఫిల్టర్‌లో చిక్కటి డికాక్షన్‌కి అది బాగుంటుంది, మెషీన్ జల్లెడకి మాత్రం పడదు. అరకు గింజలైనా, చిక్కమగళూరువైనా, చికోరీ లేని గింజలే తెచ్చుకోండి. వేయించిన తేదీ చూసి కొంటే క్రీమా, అంటే కాఫీ పైన తేలే బంగారు రంగు నురగ, సమస్య కూడా సగం తీరుతుంది. వేయించి నెలలు గడిచిన గింజలకి ఏ మెషీన్‌లోనూ మంచి క్రీమా రాదు.

కప్పు కప్పుకీ రుచి మారిపోతోంది

పొడి, తూకం, సమయం అన్నీ సరిగ్గా ఉన్నా ఒకసారి పులుపు, ఒకసారి మాడు వస్తున్నాయంటే వేడి నిలకడగా లేదు. ఒకే చిన్న బాయిలర్ ఉన్న మెషీన్లలో ఇది సహజం. 1991 నుంచి వస్తున్న గాజియా క్లాసిక్ మెషీన్‌ని ఇష్టపడేవాళ్లు దాని వేడి ఎప్పుడు ఎక్కుతుందో, ఎప్పుడు దిగుతుందో దీపం చూసి కనిపెట్టి, సరైన క్షణంలో బటన్ నొక్కుతారు. మీరూ అలా చెయ్యొచ్చు. మెషీన్‌ని పోర్టాఫిల్టర్ తగిలించి ఉంచే ఇరవై నిమిషాలు వేడెక్కనివ్వండి. ఆవిరి వాడిన వెంటనే కాఫీ తీయాల్సి వస్తే, బుసబుసలు ఆగి నీళ్లు మామూలుగా వచ్చేదాకా కాసిన్ని వదిలేయండి.

ఇది రోజూ ఆనందంగా చేసేవాళ్లున్నారు, నేనూ ఆ కోవకే చెందుతాను. కానీ పొద్దున స్కూల్ బస్సు వచ్చేలోపు మూడు కప్పులు కావాల్సిన ఇంట్లో ఇది టెన్షనే. అలాంటివాళ్లు వేడిని తనే పట్టి ఉంచే మెషీన్ తీసుకోవాలి. గింజలు పట్టడం నుంచి పాల దాకా అన్నీ ఒక్క బటన్‌తో చేసే ఆటోమేటిక్ అయినా సరే. అయితే ఆటోమేటిక్‌లో పాల గొట్టాలు రోజూ కడగాలి. ఆ ఓపిక లేకపోతే అదీ వద్దు. వారానికి ఒకటి రెండు కప్పులు తాగే ఒంటరి మనిషికి ఫ్లెయిర్ లాంటి చేతి లివర్ మెషీన్ హాయి. కరెంటు అక్కర్లేదు, నీళ్లు విడిగా కాచుకుంటే చాలు.

పాలు నురగ రావట్లేదు, లేదా సబ్బు బుడగల్లా వస్తున్నాయి

ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి పాలు వాడండి. కాచి చల్లార్చిన పాలైతే మీగడ తెట్టు పూర్తిగా వడకట్టండి, లేకపోతే గొట్టం మూసుకుపోతుంది. ముందు కాసేపు ఆవిరి వదిలి నీళ్లు పోనివ్వండి. గొట్టం కొస పాల పైమట్టానికి కాస్త కిందే ఉండాలి. సన్నగా కాగితం చించిన చప్పుడు రావాలి. గిన్నె గోరువెచ్చగా అయ్యాక కొస లోపలికి దించి, పాలు గుండ్రంగా తిరిగేలా పట్టుకోండి. గిన్నె మీద చెయ్యి ఆనించలేనంత వేడెక్కగానే ఆపేయండి. తడిగుడ్డతో గొట్టాన్ని అప్పటికప్పుడే తుడవాలి, పాలు ఎండితే వదలవు.

పోర్టాఫిల్టర్ పక్కల నుంచి నీళ్లు కారుతున్నాయి

అంచు మీద పొడి ఉంటే తుడవండి. అయినా కారుతుంటే రబ్బరు గాస్కెట్ గట్టిపడింది, కొత్తది వేయించండి. ఖర్చు తక్కువే.

అమెరికా నుంచి తెచ్చిన మెషీన్ ఇక్కడ పనిచెయ్యట్లేదు

అక్కడి కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్జ్. మనది 230, 50. నేరుగా ప్లగ్ పెడితే కాలిపోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ పెడితే వోల్టేజి తగ్గుతుంది కానీ హెర్ట్జ్ మారదు కాబట్టి పంపు నెమ్మదిస్తుంది. పైగా 1500 వాట్ల మెషీన్‌కి సరిపడే ట్రాన్స్‌ఫార్మర్ గట్టు మీద మెషీన్ పక్కన ఇంకో మెషీనంత చోటు తింటుంది. ఇక్కడ కొన్న 1500 వాట్ల మెషీన్‌కైనా 6 ఆంపియర్ల పాయింట్ చాలదు, గీజర్‌కి వాడే 16 ఆంపియర్లది కావాలి. అన్నయ్యో వదినో "తెస్తాం" అంటే, పెట్టెలో సర్దకముందే మెషీన్ అడుగునున్న రేకు ఫోటో పంపమనండి. దాని మీద 220-240 అని ఉంటేనే తెమ్మనండి.