చిన్న కుక్కకు నొప్పి ఉందని ఎలా తెలుసుకోవాలి, ఏం చేయాలి

నొప్పి ఉంటే కుక్క అరుస్తుందన్న నమ్మకంతోనే చాలామంది ఆలస్యం చేస్తారు. నాలుగైదు కిలోల పోమెరేనియన్ గాని షిట్జు గాని మూలగకుండానే రోజుల తరబడి బాధ పడగలదు కనుక, అరుపు కోసం ఎదురుచూడకుండా అలవాట్లలో మార్పును గమనించాలి. గంట మోగగానే పరుగెత్తుకొచ్చేది మంచం కింద నుంచి కదలకపోవడం, సోఫా ఎక్కబోయి ఆగిపోవడం, ఒకే చోట అదేపనిగా నాక్కోవడం, ఎత్తుకోబోతే గుర్రుమనడం, ఇవన్నీ నొప్పికి సూచనలు కావచ్చు.

విశాఖలో ఒక చిక్కు ఉంది. సముద్రపు ఉక్కకు మే నెలలో ప్రతి కుక్కా రొప్పుతుంది కాబట్టి రొప్పును మాత్రమే చూసి ఏమీ తేల్చలేము. అది గాఢంగా నిద్రపోతున్నప్పుడు, చల్లని గదిలో, 30 సెకన్లపాటు ఊపిరులు లెక్కపెట్టి రెండింతలు చేయండి. నిమిషానికి 30 దాటడం రెండు మూడు సార్లు కనిపిస్తే వైద్యుడికి చెప్పాలి. మధ్యాహ్నం ఆర్.కె. బీచ్ ఇసుకలో నడిచి వచ్చాక కుంటితే ముందు పాదాల మెత్తలు కాలాయేమో, ముల్లు గుచ్చుకుందేమో చూడండి.

భంగిమ చాలా సంగతులు చెబుతుంది. ముందుకాళ్ళు నేలకు ఆనించి, పిరుదులు పైకెత్తి పదే పదే ఉండిపోతే కడుపునొప్పిని అనుమానించాలి. నడుస్తూ నడుస్తూ వెనుక కాలొకటి ఎత్తి, నాలుగడుగులు గెంతి, మళ్ళీ మామూలుగా నడిస్తే మోకాలి చిప్ప పక్కకు జారుతూ ఉండవచ్చు. చిన్న జాతుల్లో ఇది సాధారణం. పొడవు నడుము గల డాష్‌హండ్ వీపు వంచి మెట్లు ఎక్కనంటే వెన్నుపూసల మధ్య డిస్క్ సమస్య గురించి ఆలోచించాలి. తిండి దగ్గరికి వచ్చి కూడా నమలలేక వదిలేస్తే పళ్ళు, చిగుళ్ళు చూపించండి. పిడుదులు పట్టిన కుక్క జ్వరంతో నీరసించి, కీళ్ళు బిగుసుకుని నడిస్తే రక్తపరీక్ష అవసరం.

నొప్పి లేదనిపించే చోట మొదలుపెట్టి అనుమానమున్న చోటికి నెమ్మదిగా చేయి జరపండి. ఎంత మచ్చికైన కుక్కైనా బాధలో కరవవచ్చు. కుంటుతున్న నడకను ఫోనులో వీడియో తీయండి, ఎందుకంటే ఆసుపత్రి బల్ల మీద భయంతో అది మామూలుగా నిలబడిపోతుంది.

మన మాత్రలు మాత్రం వద్దు. 3 కిలోల కుక్కకు 500 మిల్లీగ్రాముల పారాసిటమాల్ ఒకటి వేయడమంటే, బరువు లెక్కన, 60 కిలోల మనిషి ఒకేసారి 20 మాత్రలు మింగడంతో సమానం. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్‌లు కుక్కల కడుపులో పుండ్లు చేసి మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. పొరపాటున వేసి ఉంటే, వైద్యుడి దగ్గర దాచకుండా మోతాదు, వేళ చెప్పండి.

వెనుక కాళ్ళు ఈడుస్తున్నా, మూత్రం రాకపోయినా, పొట్ట ఉబ్బినా, చిగుళ్ళు తెల్లబడినా తెల్లారేదాకా ఆగకూడదు. స్కూటరు మీద ఒళ్ళో పెట్టుకోకుండా, మడతపెట్టిన దుప్పటి పరచిన గట్టి బుట్టలో పడుకోబెట్టి ఆటోలో తీసుకెళ్ళండి. తిరిగొచ్చాక నున్నటి టైల్స్ మీద కాళ్ళు జారకుండా చాపలు పరవండి. మందు పనిచేసి నొప్పి తగ్గగానే అది మళ్ళీ మంచమెక్కబోతుంది. అప్పటికి గాయం మాని ఉండదు కనుక, వైద్యుడు చెప్పినన్ని రోజులూ దాన్ని దూకనివ్వకుండా చూసుకోవడం మీ పనే.