ఏడాది రుసుము కట్టే ముందు ఒక తరగతి చూడండి
డాలస్‌కు వచ్చిన కొత్తలో ఒక జుజిట్సు (ప్రత్యర్థిని పట్టులతో లొంగదీసే యుద్ధవిద్య) జిమ్‌లో ఏడాది ఒప్పందంపై సంతకం చేసిన తరువాతే, పట్టులో చిక్కినవారు ఓటమి ఒప్పుకుని వదలమని చేత్తో తట్టినా అక్కడి శిక్షకుడు వెంటనే వదలడని నాకు తెలిసింది. మోచేయి నొప్పి లేకుండా చాచడానికి వారం రోజులు పట్టింది.

ఇప్పుడు ఎక్కడ చేరాలన్నా ముందుగా పక్కన కూర్చుని గంటసేపు పూర్తి తరగతి చూస్తున్నాను. తట్టిన క్షణమే పట్టు వదులుతున్నారా, మొదటి వారం వచ్చినవారిని బరువైన పాతవారితో పోరుకు దింపుతున్నారా అన్న రెండు విషయాలే గమనించి, సరే అనిపిస్తే ఒక్క నెలకే రుసుము కడుతున్నాను. చూడనివ్వని చోట చేరనక్కరలేదు.

అయితే ఆ రోజు సహాయ శిక్షకుడు నేర్పితే ఈ పరిశీలన పనికిరాదు కనుక, మీరు చేరబోయే వేళకు నేర్పేది ఎవరో అడిగి, ఆ వేళకే వెళ్లండి.